మందులో మునిగిన పిడుదులు

మా అక్క దగ్గర రెండు జెర్సీ ఆవులుండేవి. అందులో పెద్దది చచ్చిపోయిన సంగతి నాకు వారం తర్వాత తెలిసింది. అక్కవాళ్ల ఊరు మెట్‌పల్లి పక్కన, అక్కడి నుంచి కరీంనగర్‌కు బస్సులకేం కరువు లేదు. అక్కవాళ్ల ఊరివాళ్లు దవాఖానా పనికో కోర్టు పనికో ఎవరో ఒకరు వస్తూనే ఉండేవాళ్లు. అయినా కబురు రాలేదంటే అక్కే వద్దని ఉంటుంది. నేను పనిచేసేది కరీంనగర్‌లో పశువుల రోగాలు పరీక్షించే ప్రయోగశాలలో. చెల్లెలు పశువుల డాక్టరై ఉండి కూడా ఆవు చచ్చిందంటే నలుగురూ నన్ను కూడా ఓ మాట అంటారని ఆమె భయం. ఎనభైల చివరి సంగతి ఇది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు.

నాకు ఫికరు పుట్టుకతోనే వచ్చింది. "ఇది పుట్టంగనే ఏడ్వలే, ఇగ ఏమైతదో అని సుట్టూ సూసింది" అనేది మా అవ్వ. ఆ ఫికరుకు తోడు కోపం. భయం వేసినప్పుడల్లా నాకు ముందు కోపం వస్తుంది, అది ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద పోతుంది. ఆ రోజు కబురు తెచ్చిన పెద్దమనిషి మీద పోయింది. ఇన్ని రోజులు ఏం చేస్తున్నరని గద్దించాను. పాపం ఆయన తన మోకాళ్ల నొప్పులు చూపించుకోవడానికి వచ్చినవాడు. దారిలో ఉన్నాను కదా అని నన్ను పలకరించడమే ఆయన చేసిన తప్పు.

"ఎర్రగ పోసిందట బిడ్డా. రెండొద్దులు గడ్డి ముట్టలే. మల్ల లేవలే" అన్నాడు.

ఇంక ఏమీ అడగాల్సిన అవసరం లేకపోయింది. అది పిడుదు జ్వరం. పిడుదు రక్తం తాగి ఊరుకుంటే బాగానే ఉండును, తాగేటప్పుడు రోగాన్ని లోపలికి వదులుతుంది. నాటు పశువులు ఎలాగో తట్టుకుంటాయి, తాతల కాలం నుంచీ వాటికి అలవాటు. పైదేశం నుంచి తెచ్చిన జాతి తట్టుకోలేదు. మూత్రం పాలు పోయని చాయ్ రంగుకు తిరిగిందంటే ఒంట్లో రక్తం విరిగిపోతున్నట్టు లెక్క.

మర్నాడే బయల్దేరాను. బావ దుబాయిలో ఉండేవాడు. ఇంట్లో ఉండేది అక్కా, వాళ్ల అత్తా ఇద్దరే. వరసకు నాకూ అత్తే కాబట్టి నేనూ అత్తమ్మా అనే పిలిచేదాన్ని. ఆవులు కొనాలన్న ఆలోచన అక్కది. బావ పంపినదాంతో ఇంకో మడి కొందామని అత్తమ్మ అంటే, పెళ్లైన తర్వాత మొదటిసారి అక్క నోరు తెరిచి నాకు ఆవులు కావాలంది. హుజూరాబాద్ దగ్గర మా బాపు ఇంట్లో మేమిద్దరం బర్రెల మధ్యే పెరిగాం, ఆ పని ఆమెకు చేతనైన పని. ఆవులొచ్చాక అక్క నడకే మారింది. పాలు పోసే దగ్గర ఆమెను ఫలానావాళ్ల కోడలు అనకుండా పేరు పెట్టి పిలిచేవాళ్లు. ఆ సంగతి నాకు చెప్పి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది కూడా.

నేను వెళ్లేసరికి అక్క కొట్టంలో పెండ ఎత్తుతోంది. నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అచ్చినవా, కాళ్లు కడుక్కో" అని మళ్లీ పనిలో పడింది. మిగిలిన ఆవు గుంజకు కట్టేసి ఉంది. రెండో గుంజ ఖాళీగా ఉంది, దాని కింద మాత్రం ఎవరో గడ్డి వేసి ఉంచారు. అలవాటు కొద్దీ అక్కే వేసి ఉంటుంది.

మాట్లాడింది అత్తమ్మ. చచ్చిన బర్రెకు పాలెక్కువ అన్నట్టు ముందు ఆ ఆవు గొప్పలన్నీ చెప్పింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది. పశువుల దవాఖానాలో పిడుదుల్ని చంపే బి.హెచ్.సి. పొడి ఇచ్చారు. వారం వారం నీళ్లలో కలిపి గుడ్డతో ఒళ్లంతా పూయమన్నారు. ఆ పని అక్కది.

"నువ్వే చెప్పు బిడ్డా. నువ్వు సదువుకున్నదానివి. మందు పెడితె పిడుదులు సావాలె గద. సావలేదంటె పెట్టలేదన్నట్టే గద" అంది.

కొట్టంలో చీపురు చప్పుడు ఆగింది. అక్క వింటోందని ఇద్దరికీ తెలుసు. అత్తమ్మ మాటలో వంకర లేదు. మందు పెడితే చావాలి. నాలుగైదేళ్లు అదే చదువు చదివి వచ్చాను నేను.

"పెట్టిందంటనా?" అని అడిగాను.

"పెట్టిన అనే అంటది. పెట్టలేదని ఎవరంటరు?"

అంతటితో ఆగితే అది ఇంట్లో మాటగా ఉండిపోయేది. కానీ ఆ రోజుల్లో దుబాయికి ఉత్తరాల కంటే క్యాసెట్లు ఎక్కువ పోయేవి. ఊరి నుంచి ఎవరైనా బయల్దేరుతున్నారంటే టేప్‌రికార్డరు ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడేవాళ్లు. చుట్టుపక్కల వాళ్లు కూడా తొంగిచూసేవాళ్లు. ఆవు చచ్చిన మూడో నాటికే ఎవరో బయల్దేరితే అత్తమ్మ సంగతంతా క్యాసెట్లో చెప్పేసింది, నీ పెండ్లాం మందు పెట్టలే, ఆవు పోయింది అని. తర్వాత అక్క వంతు. పది మంది ముందు మొగుడితో ఏం మాట్లాడాలో తెలియక అక్క ఎప్పుడూ ఒకటే మాట అనేది. ఆ రోజు కూడా అదే అంది. "నేను మంచిగనే ఉన్న, నువ్వు పైలం."

జవాబు వచ్చేలోపు ఏదో ఒకటి చేయాలని నాకు తొందర పట్టుకుంది. బావ చెడ్డవాడు కాదు. కానీ ఎక్కడో ఎండలో నిలబడి పనిచేసేవాడికి ఊర్లో ఆవు చచ్చిందంటే ఏం తడుతుంది? రెండోదాన్ని కూడా అమ్మేయండి అంటాడు. ఆ ఆవు పోతే అక్క మళ్లీ ఫలానావాళ్ల కోడలు అయిపోతుంది. జీవితాంతం ఆవును చంపిన కోడలు అనిపించుకుంటుంది.

కరీంనగర్‌కు తిరిగొచ్చి మా పెద్ద డాక్టరుగారికి చెప్పాను. ఆయన నింపాదిగా వినే మనిషి. వినేటప్పుడు కళ్లు మూసుకుంటాడు, నిద్రపోయాడేమో అని మనకు అనుమానం వస్తుంది.

"ఒకే మందు ఏండ్ల తరబడి వాడితే దానికి అలవాటు పడ్డ పిడుదులే మిగుల్తయమ్మా. మన దగ్గర పొడి వచ్చినప్పటి నుంచి అదే వాడుతున్నం" అన్నాడు కళ్లు తెరవకుండానే. "పిడుదుల్ని తీసుకురా. వాటినే అడుగుదాం."

అడగడం ఇలా ఉంటుంది. రక్తం తాగి ఆముదం గింజంత ఉబ్బిన ఆడ పిడుదుల్ని ఆవు ఒంటి నుంచి తెంపకుండా తీయాలి. కొన్నిటిని ఉత్త నీళ్లలో ముంచాలి, కొన్నిటిని మామూలు మోతాదు మందునీళ్లలో, కొన్నిటిని రెట్టింపు మోతాదులో. కాసేపు ఉంచి తీసి, అద్దుడు కాగితం మీద ఆరబెట్టి, గాజు గిన్నెల్లో వెల్లకిలా అంటించి, వెచ్చగా తేమగా ఉండే పెట్టెలో పెట్టాలి. ఇక కాచుకుని కూర్చోవడమే. ఉత్త నీళ్లలో ముంచినవి గుడ్లు పెట్టాలి. మందులో ముంచినవి గుడ్లు పెట్టకుండా చావాలి. చావకుండా అవి కూడా గుడ్లు పెట్టాయంటే మందు పని అయిపోయినట్టే. మందు మీద అనుమానం రాకుండా మా దగ్గరున్న మేలైన సరుకే వాడదామన్నాడు సారు.

పద్ధతి అర్థమైంది కానీ నాకు నిద్ర పట్టలేదు. పిడుదులు చస్తే మందు మంచిదే, అక్క పెట్టలేదని తేలుతుంది. చావకపోతే అక్క మాట నిలుస్తుంది, కానీ మిగిలిన ఆవును దేంతో కాపాడాలి? మా జిల్లా దవాఖానాల్లో ఉన్నది ఆ పొడి ఒక్కటే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేనేం కోరుకోవాలో నాకే తెలియలేదు. అక్క కోసం పిడుదులు బతకాలని దేవుడికి మొక్కుకున్న పశువుల డాక్టరు నేను తప్ప ఇంకొకరు ఉండరనుకుంటా.

ఫలానా రోజు వస్తున్నానని ముందే కబురు పంపి వెళ్లాను. వాకిలి అలికి ముగ్గేసి ఉంది. నాకోసం కోడిని కోశారు. ఆవు కూడా తళతళలాడుతోంది. అదంతా అక్క కష్టమనుకుని మురిసిపోయాను. తోక కింద, చెవుల్లో, గంగడోలు మడతల్లో వెతికి, కావలసినన్ని ఏరి, మూతికి గుడ్డ కట్టిన సీసాలో వేసుకున్నాను. అవి అనుకున్నంత చురుగ్గా కాళ్లాడించలేదు. కడుపు నిండి బద్ధకంగా ఉన్నాయనుకున్నాను.

బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ నా ఒళ్లో ఉన్న సీసాను చాలాసేపు చూసింది. "ఏం గింజలు బిడ్డా?" అంది. "పిడుదులు" అన్నాను. కోరుట్లలో ఆవిడ దిగిపోయింది. ఆవిడ దిగాల్సింది అక్కడో కాదో నాకు తెలియదు. జగిత్యాల దాకా ఆ సీటులో ఇంకెవరూ కూర్చోలేదు.

ముంచాం, ఆరబెట్టాం, అంటించాం. పొద్దున్నే వెళ్లి పెట్టె తెరిచేదాన్ని, మధ్యాహ్నం అన్నం తినకముందోసారి, ఇంటికి పోయేముందోసారి. వారం తిరక్కముందే మందు గిన్నెల్లోవి నల్లబడి ముడుచుకుపోయాయి. మందులో ముంచినవీ చచ్చాయి, రెట్టింపు మందులో ముంచినవీ చచ్చాయి. అయితే అక్క పెట్టలేదన్న మాట. అక్కకు ఈ సంగతి ఎలా చెప్పాలా అని వాక్యాలు కూర్చుకోవడం కూడా మొదలుపెట్టాను. అప్పుడు సారు, మందు గిన్నెల మీదే కళ్లు పెట్టుకుని నేను పట్టించుకోని ఉత్త నీళ్ల గిన్నె తీసి వెలుగుకు పట్టుకున్నాడు. అందులోవీ చచ్చాయి.

"మంచినీళ్లల్ల మునిగి పిడుదు సావదు" అన్నాడు. "ఇది పరీక్షే కాదు. మళ్లా చెయ్యాలె."

తప్పు నాదేనని వెతుక్కున్నాను. గిన్నెలు సరిగా కడగలేదేమో, పెట్టె వేడెక్కిందేమో, నా చేతులకు ఏదైనా ఉందేమో. ఆఖరికి పక్కన పడేసిన సీసా తీసి వాసన చూస్తే, మూతికి కట్టిన గుడ్డకు గాసునూనె, అదే కిరసనాయిలు వాసన కొట్టింది. మా ప్రయోగశాలలో గాసునూనె లేదు.

మళ్లీ బస్సు. ఈసారి కబురు పంపకుండా వెళ్లాను. ఆవును ఏమైనా చేశారా అని అక్కను అడిగితే, నేనేం చెయ్యలేదే అని బిత్తరపోయింది. అత్తమ్మ మాత్రం గర్వంగా ముందుకొచ్చింది.

"నేను చేసిన బిడ్డా. మీ అక్క పొలం కాడికి పోయినంక, గాసునూనెల గుడ్డ ముంచి తలకాయ నుంచి తోక దాక తోమిన. నువ్వు వచ్చే ముందట రెండొద్దులు. మంచిగ సాఫైంది గద?"

నాకు కోపం నషాళానికంటింది. "గందుకే పిడుదులన్నీ సచ్చినయి అత్తమ్మా. నేను వచ్చిందే పిడుదుల కోసం. నీ ఆవు అందం చూస్తందుకు రాలే" అని నోటికొచ్చినట్టు అరిచాను.

ఆమె మొహం చిన్నబోయింది. తర్వాత నెమ్మదిగా అంది. "పట్నం నుంచి డాక్టరమ్మ వస్తుంటె ఆవును పిడుదులతోని చూపెట్టాల్నా? రేపు మీ బాపు వింటె ఏమంటడు? గా ఇంట్ల పసులను సూసెటోళ్లు లేరంటడు. నా ఇల్లు గద బిడ్డా."

వియ్యాలవారి మనిషి వస్తే మన ఇళ్లలో దుప్పట్లు మారుస్తారు, పిల్లల ముక్కులు తుడుస్తారు. ఆమె ఆవు మీది పిడుదుల్ని తుడిచింది. అంతకంటే ఏం లేదు. ఆ ఇల్లంతా పరువు అనే ఒక్క తాడు మీద నిలబడి ఉందని, అక్కను కోసుకుతినేది కూడా ఆ తాడేనని నాకు ఆ రోజు అర్థమైంది. అయినా నా కోపం తగ్గలేదు. వెనక నిలబడ్డ అక్క మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవు పోయిన తర్వాత ఆమె నవ్వు చూడటం అదే మొదలు.

అప్పుడు నేను ఒక షరతు పెట్టాను. మూడు వారాలు ఆవుకు మందు పెట్టొద్దు, గాసునూనె పెట్టొద్దు, పిడుదుల్ని ఏరొద్దు. ఏ మందూ తగలని పిడుదులు కావాలి. వేరే ఆవు మీదివి తీసుకుందామంటే ఆ చుట్టుపక్కల జెర్సీ ఆవు అదొక్కటే, నాటు ఆవుల మీద ఇన్ని ఉండవు. అదీగాక నిందపడ్డది ఈ కొట్టం మీద, పరీక్ష కూడా ఈ కొట్టం పిడుదులకే జరగాలి. నేను చెబుతుంటే అక్క నవ్వు పోయింది.

"గిన్ని దినాలు ఊకుంటె ఇది గుడ పోతదేమోనే" అంది.

"పోదు" అన్నాను. పోదని నాకెలా తెలుసు? తెలియదు. జ్వరం వచ్చిన ఆవు పక్కన కట్టేసిన ఆవు అది. అవే పిడుదులు. ఏ రోజైనా రావచ్చు. ఒళ్లు పట్టి చూడు, కళ్ల రెప్పల లోపల ఎర్రగా ఉందో పాలిపోయిందో రోజూ చూడు, మూత్రం రంగు మారితే ఆ క్షణమే కబురు పంపు అని చెప్పి వచ్చాను. మా దగ్గర ఆ జ్వరానికి సూది మందు కొద్దిగా ఉంది. అడిగి తెచ్చుకుని నా గదిలో బల్ల మీద పెట్టుకున్నాను. దాన్ని చూసినప్పుడల్లా భయం తగ్గాల్సింది పోయి పెరిగేది.

దుబాయి నుంచి జవాబు క్యాసెట్టు ఆ రోజుల్లోనే వచ్చింది. నేను అనుకున్నదే. రెండోదాన్ని అమ్మేయుండ్రి, నా పెండ్లాంతోని కాని పని దానికెందుకు అన్నాడు బావ. ఇంటినిండా మనుషులుండగా ఆ మాట టేప్‌రికార్డరులో వినిపించింది. అప్పుడు అక్క అందరి ముందూ, "సెల్లె పరీక్ష అయ్యేదాక ఆగుండ్రి" అందట. అత్తమ్మ అటూ ఇటూ చూసి సరే అందట. గాసునూనె సంగతిలో ఆమెకు నా దగ్గర కాస్త మొహమాటం ఏర్పడింది, అది అక్కకు కలిసొచ్చింది.

కానీ ఆ మూడు వారాలు అక్క పడ్డ బాధ నేను ముందు ఊహించలేదు. కొట్టం వీధి వైపే ఉంటుంది. వచ్చేపోయేవాళ్లకు ఆవు కనిపిస్తుంది. దాని మెడ కింద, పొదుగు మీద పిడుదులు గుత్తులు గుత్తులుగా వేలాడటం కనిపిస్తుంది. మందు పెట్టని కోడలని ఊరంతా అన్న మనిషి ఇప్పుడు నిజంగానే మందు పెట్టకుండా కూర్చుంది. "ఏందమ్మా, దాన్ని గుడ సావనిస్తున్నవా?" అని ఒకావిడ నిలబడి మరీ అడిగిందట. పరీక్ష అని చెబితే నవ్వుతారని అక్క తల వంచుకుని గడ్డి వేస్తూ ఉండిపోయింది. నేను ఆమె మీది మచ్చ తుడవబోయి, ఆ మచ్చనే ఆమె చేత నలుగురికీ చూపించాను.

గోరుచుట్టు మీద రోకటిపోటు. గడువు దగ్గర పడుతుందనగా ఓ మధ్యాహ్నం మా ఆఫీసు ఫోను మోగింది. మెట్‌పల్లి నుంచి ఎవరితోనో చేయించారు. ఆవు పొద్దటి నుంచి మేత ముట్టలేదు, అంతే, ఫోను కట్టయింది. మూత్రం రంగు ఏంటో చెప్పలేదు. బల్ల మీది సూదిమందు సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఆ దారంతా నేను చూసింది డ్రైవరు వీపు ఒక్కటే. ఇంత నెమ్మదిగా పోయే బస్సు ఈ రాష్ట్రంలో ఇంకోటి లేదనిపించింది. పశువుల డాక్టరు ఉండి ఒక ఆవు పోయింది, పశువుల డాక్టరు చెప్పినందుకు రెండోది పోయింది అని నాలో నేనే అనుకుంటూ పోయాను.

ఆవు నిలబడే ఉంది. తల వేలాడేసి ఉంది. ఒంటి వేడి చూస్తే కొంచెం ఎక్కువ అనిపించింది, ఎండకు కూడా అంత ఉంటుంది. రెప్పలు తిప్పి చూస్తే పాలిపోయినట్టే ఉంది, నా భయానికి అలా కనిపించిందేమో కూడా. ఎర్రగా పోసిందా అంటే, ఎవరూ చూడలేదు. పొద్దటి నుంచి అది పోసిన జాడే లేదన్నారు. ఇక చేసేదేముంది? ముగ్గురం ఆవు వెనకాల వరసగా నిలబడ్డాం. నేను చేతిలో తెల్ల గిన్నె పట్టుకున్నాను. అది తోక కదిపితే ముగ్గురం ముందుకు వంగేవాళ్లం. ఈగను తోలుకుని ఊరుకునేది. పక్కింటావిడ గోడ మీదుగా చూసి, ఏం జరుగుతోందో అడగబోయి, మా మొహాలు చూసి మానుకుంది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. అత్తమ్మ మధ్యలో దేవుళ్లందరినీ తలుచుకుంది. ఆఖరికి ఆవు తోకెత్తింది. నేను గిన్నె పట్టాను. పసుపుపచ్చగా, తేటగా, ఎప్పటిలాంటి ఉచ్చ.

అక్క కింద కూలబడింది. ఆవు ఉచ్చ చూసి ముగ్గురు ఆడవాళ్లు అంత సంతోషపడటం ఎక్కడా ఉండదు. తర్వాత ఆరా తీస్తే, ముందురోజు వాడకట్టులో పెళ్లయితే మిగిలిన అన్నం పారబోయడం ఎందుకని అత్తమ్మ గంపెడు తెచ్చి పెట్టిందని తేలింది. కడుపుబ్బరం, అంతే. ఈసారి నేను ఆమె మీద అరవలేదు, ఓపిక లేదు. వాము, వంటసోడా కలిపి తాగించి, కాసేపు అటూ ఇటూ నడిపించాను.

గడువు అయ్యాక పిడుదులు ఏరాను. ఈసారివి కాళ్లు విదిల్చుకుంటూ సీసా అంచుల మీద పాకాయి. అవి తీస్తున్నంతసేపూ అక్క నా పక్కనే కూర్చుంది. నేను చాలనగానే మిగిలినవన్నీ తనే ఏరడం మొదలుపెట్టింది. పళ్లు బిగబట్టి, ఒక్కొక్కటీ తీసి వేడినీళ్ల చెంబులో వేసింది.

మళ్లీ ముంచాం. ఈసారి సారు కూడా గడియారం చూస్తూ నిలబడ్డాడు. కరెంటు సతాయించింది. ఆ పెట్టె బల్బు వేడితో నడిచేది, కరెంటు పోతే చల్లబడేది. గిన్నెల చుట్టూ వేడినీళ్ల సీసాలకు గుడ్డలు చుట్టి పెట్టేదాన్ని. చిన్నపిల్లల వార్డులో నర్సులా ఉన్నావని సారు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంకోసారి చెడితే ఇంకో మూడు వారాలు ఆవును వదిలేయమని అక్కకు చెప్పే ధైర్యం నాకు లేదు.

ముందు నీళ్ల గిన్నెలో కనిపించాయి. పిడుదు మూతి దగ్గర గసగసాలంత గోధుమరంగు గుడ్లు, మెరుస్తూ. పరీక్ష నిలిచింది. మిగతా రెండు గిన్నెలు సారు వైపు జరిపాను. "సార్, మీరు చూడండి" అన్నాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

"పెట్టినయమ్మా" అన్నాడు. "రెట్టింపుల గుడ పెట్టినయి."

నాకు సంతోషం వేసింది, వెంటనే భయం వేసింది. మా జిల్లాలో ఎన్ని కొట్టాల్లో ఎంతమంది ఈ పొడి పూసి నిశ్చింతగా పడుకుంటున్నారో అనిపించింది. సారు అప్పటికే హైదరాబాదుకు రాయడానికి కాగితం తీసుకున్నాడు. కొత్తరకం మందు ఉందట, అడిగితే వానాకాలానికి అందొచ్చట. అందాకా చేతులతో ఏరడం, కొట్టం గోడ పగుళ్లు మూయడం, కోళ్లను వదలడం, అంతకంటే దారి లేదు.

నేను వెళ్లి చెప్పొచ్చు. కానీ నా మాట అంటే చెల్లెలు అక్కను వెనకేసుకొచ్చిందంటారు. అందుకని ఇద్దర్నీ కరీంనగర్‌కు రమ్మన్నాను. వస్తారని నమ్మకం లేదు. వచ్చారు. అత్తమ్మ పట్టుచీర కట్టుకుని, నాకు సకినాలు మూటగట్టుకుని వచ్చింది. ప్రయోగశాలలో వాసనకు ముక్కు మూసుకుని, భూతద్దం దగ్గర ఎలా వంగాలో తెలియక ముందు నా చెయ్యి పట్టుకుంది. తర్వాత చూసింది.

"గివి మందుల మునిగినయేనా?"

"అవును అత్తమ్మా. మస్తు మందుల."

"ఉత్త నీళ్లయి ఏయి?"

చూపించాను. ఆమె అది చూసి, మళ్లీ ఇది చూసి, మళ్లీ అది చూసింది. ఏది ఏదో ఆమెకు గుర్తు తెలియడం లేదు. నాకు కూడా చీటీ చూస్తే తప్ప తెలిసేది కాదు.

"రెండు ఒక్కతీర్గనే ఉన్నయి గద" అంది. భూతద్దం నాకు ఇచ్చి, కోడలి వైపు తిరిగి, మొహం చూడకుండానే, "ఆవును అమ్ముడు లేదు. వానికి నేనే చెప్త" అంది. అని బయట వరండాలో బల్ల మీద కూర్చుంది. తప్పైంది బిడ్డా అంటుందేమోనని నేను ఎదురుచూశాను. అలాంటి మాటలు ఆమె వయసువాళ్లు అనరు. నాకు ఒళ్లు మండింది, కానీ వరండాలోకి పోయి అడిగేంత మండలేదు.

లోపల అక్కా నేనూ మిగిలాం. ఆమె ఇప్పుడైనా నవ్వుతుందనుకున్నాను. ఆమె మందు గిన్నె మీద వంగి అలాగే చూస్తోంది.

"నేను పెట్టిననే" అంది మెల్లగా. "వారం వారం పెట్టిన. చెవుల్ల పెట్టిన, తోక కింద పెట్టిన."

"తెలుసక్కా. నాకు ముందునుంచీ తెలుసు."

"నాకే తెల్వకపాయె" అంది. "అందరు పెట్టలే పెట్టలే అంటుంటె, నేను పెట్టలేదేమో అనిపించింది. ఒక్క వారం మర్సిపోయి ఉంట, గా వారమే అది పోయింది అనుకున్న. దాని కండ్లు యాదికొస్తె, నేనే సంపిన అని ఏడుస్తందుకు గుడ సిగ్గనిపించింది."

అని, ఆవు పోయిన ఇన్నాళ్లకు, ఆ గాజు గిన్నెల ముందు నిలబడి, చచ్చిపోయిన ఆవు కోసం మా అక్క మొదటిసారి ఏడ్చింది.